నల్లా పైపు మీద ఇత్తడి పట్టీ

“నేను కట్టిన సాబ్. నా చేతులతోనే కట్టిన.”

వైర్‌మన్ అక్బర్ పొద్దుటి నుంచీ ఇదే మాట చెబుతున్నాడు. అతని కింది పెదవి చిట్లి రక్తం ఎండిపోయింది. అది ఠాణాలో తగిలిన దెబ్బ కాదు. చనిపోయిన మనిషి చుట్టాలు అతన్ని బజార్లో పట్టుకుని కొట్టారు. పోలీసులు అడ్డం పడి లాక్కురాకపోతే ప్రాణమే పోయేది.

కటకటాల ఇవతల డిటెక్టివ్ హనుమండ్లు స్టూలు మీద కూర్చుని అతన్నే చూస్తున్నాడు. వెనకాల సర్కిల్ ఇన్‌స్పెక్టర్ భూమేశ్వర్ పచార్లు చేస్తున్నాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే ఠాణాలో పనిచేసినవాళ్లే. హనుమండ్లు ఉద్యోగం వదిలి సొంతంగా కేసులు పట్టడం మొదలుపెట్టిన నాటి నుంచి భూమేశ్వర్‌కు అతని పొడ గిట్టదు.

జరిగింది చూస్తే చిన్న సంగతిలాగే ఉంది. నిన్న తెల్లవారకముందు, కరీంనగర్‌లో టీచర్ సక్కుబాయి అద్దెకున్న ఇంట్లో, పనిమనిషి శంకరవ్వ స్నానాల గదిలోకి వెళ్లి నల్లా పట్టుకుంది. చెయ్యి నల్లాకే అతుక్కుపోయింది. అరవడానికి కూడా వీలు లేకుండా చచ్చిపోయింది. వైర్‌మన్ నిర్లక్ష్యం అని భూమేశ్వర్ రాసేశాడు.

హనుమండ్లుకు మాత్రం అది చిన్నదిగా కనిపించడం లేదు. ఉట్నూరులో పనిచేసేటప్పుడు సక్కుబాయి ఒక ఖూనీ కళ్లారా చూసింది. కలప కాంట్రాక్టర్ నాగోరావు మనిషి, బక్కన్న అనేవాడు, ఫారెస్టు గార్డును గొడ్డలితో నరికాడు. వచ్చే సోమవారం ఆదిలాబాద్ కోర్టులో ఆమె సాక్ష్యం చెప్పాలి. బక్కన్న జామీను మీద బయటే తిరుగుతున్నాడు. నాకు భయంగా ఉంది, ఒకసారి రమ్మని ఆమె వరంగల్‌లో ఉండే హనుమండ్లుకు కబురు పంపితే, చేతిలో వేరే పని ఉండి అతను ఒక్కరోజు ఆలస్యంగా బయలుదేరాడు. అతను వచ్చేసరికి ఆ ఇంటి ముందు శంకరవ్వకు పాడె కడుతున్నారు. ఆ దృశ్యం కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

“ఏం కట్టినవ్ అక్బర్? మళ్లొక్కసారి చెప్పు. సర్కిల్ సాబ్ కూడ వింటడు.”

“రోడ్డు పెద్దగ చేసేటప్పుడు నల్లా పైపు పలిగింది సాబ్. పలిగిన కాడ మున్సిపాలిటోళ్లు రబ్బరు గొట్టం ఏసిపోయిన్రు. ఇగ ఇంట్ల పైపుకు భూమితోని సంబంధం లేకుంటయింది. యాడన్న కరెంటు తీగ తాకితే నల్లాలన్నిట్ల కరెంటే. గందుకని పైపుకు ఇత్తడి పట్టీ బిగిచ్చి, రాగి తీగతోని ఎర్త్ గుంతకు కలిపిన. దసర ముంగట కట్టిన.”

“మరి యాడున్నది గా పట్టీ?” భూమేశ్వర్ ఆగి అడిగాడు. “నేను పోయినప్పుడు పైపు మీద పట్టీ లేదు, తీగ లేదు. కాకి ఎత్కపోయిందా?”

అక్బర్ తల దించుకున్నాడు. “నాకు తెల్వది సాబ్. నేను కట్టిన.”

హనుమండ్లు లేచి నిలబడ్డాడు. “పట్టీ ఉండె అని నేను చూపిస్తే?”

“చూపియ్యి. నీకు పాము కరిచి మనిషి చచ్చినా ఖూనీ లెక్కనే కనవడ్తది. పోలీసుల చేరకముందు మిలిట్రీల రేడియోలు బాగు చేసొచ్చిన్నని అన్నీ తెలుసనుకుంటవ్.” భూమేశ్వర్ టోపీ తీసుకున్నాడు. “నా జీపులనే పోదాం పా. చూపియ్యకపోతే మాత్రం మాపటికి వీన్ని కోర్టుల నిలవెడ్త. మళ్ల అడ్డం రావద్దు.”

*

తలుపు తీసింది సక్కుబాయి తమ్ముడు లింగమూర్తి. మెట్‌పల్లిలో బట్టల దుకాణం ఉన్నవాడు. అక్కకు బెదిరింపులు వస్తున్నాయని తెలిసి, దుకాణం మూసి వారం కింద వచ్చి ఇక్కడే ఉంటున్నాడు. మెత్తగా మాట్లాడే మనిషి. పోలీసులను చూసి గబగబా కుర్చీలు వేశాడు.

సక్కుబాయి మంచం మీద శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. జ్వరం ఇంకా దిగలేదు.

“నేనే పోవల్సింది సారు,” అంది హనుమండ్లును చూడగానే. “రోజూ చీకటితోనే లేచి తానం చేసేది నేను. నిన్న లేవశాత కాలే. శంకరవ్వ వచ్చి, నువ్వు పండుకో బాయీ, నీళ్లు నేను కాగవెడ్త అన్నది. గంతే.”

“మీరు కూసోండి టీచరమ్మా. గది చూసొస్తం,” అన్నాడు హనుమండ్లు.

స్నానాల గది వెనక వసారాలో ఉంది. గోడ పొడుగునా, చెక్క ముక్కల మీద ఆనించి, నల్లా పైపు వస్తోంది. ఎక్కడా నేలను తాకడం లేదు. హనుమండ్లు దాని పక్కనే మెల్లగా నడుస్తూ, వేళ్లతో తడుముతూ పోయి, ఒకచోట ఆగాడు.

“ఇటు రా భూమేశ్వర్.”

పైపు అంతా మసిబారి, సున్నం చుక్కలు పడి ఉంది. ఆ ఒక్కచోట మాత్రం బొటనవేలంత వెడల్పున, చుట్టూ కంకణంలాగా, లోహం తెల్లగా మెరుస్తోంది. ఆకురాయితో గీసిన గీతలు కూడా కనిపిస్తున్నాయి.

“పట్టీ మంచిగ అంటుకోవాలని మసి గీకి బిగిచ్చిండు అక్బర్. దసర నుంచి ఇది పట్టీ కిందనే ఉన్నది. పట్టీ తీసి నెలలైతే, ఈ తేమకు ఇది ఇట్ల మెరుస్తదా? రెండు మూడు దినాలు కూడ కాలే.”

భూమేశ్వర్ వంగి చూశాడు. గోరుతో గీకి చూశాడు.

ఎర్త్ గుంత పెరట్లో జామచెట్టు దగ్గర ఉంది. పైన మట్టి పొడిగా ఉన్నా ఒక మూల మాత్రం ఎవరో కాలితో అదిమినట్టు చదునుగా ఉంది. హనుమండ్లు అక్కడ వేళ్లతో కెలికాడు. జానెడు లోతులో రాగి తీగ కొస చేతికి తగిలింది. దాన్ని బయటకు లాగాడు. కొస కొక్కెంలా వంగి ఉంది. మర బిగించిన చోట నలిగిన గుర్తు తాజాగా ఉంది.

“తీగను పట్టీ నుంచి ఊడదీసి ఇండ్ల పాతిపెట్టిన్రు. నీ కండ్లవడకుంట.”

“పట్టీ ఉండె. ఒప్పుకుంట,” అన్నాడు భూమేశ్వర్ అయిష్టంగా. “అయితే ఏంది? ఇత్తడికి ఆశపడి ఎవడో తీసుకపోయిండు. లోపట ఎలుక తీగ కొరికింది. పైపుకు కరెంటు తాకింది. గిది ఖూనీ ఎట్లయితది?”

“ఎలుక కొరికిందా? చూద్దాం పా.”

గది లోపల, బల్బుకు పోయే తీగలు చెక్క బద్ద మీద నుంచి వచ్చి, మూలన పైపును దాటుకుంటూ పోతున్నాయి. హనుమండ్లు స్టూలు ఎక్కాడు. దాటే చోట ఒక తీగను బద్ద నుంచి వదులు చేసి పైపు వెనక్కు నెట్టారు. పైనున్న రబ్బరు అరంగుళం మేర లేదు. రెండు అంచులూ గీత గీసినట్టు ఉన్నాయి.

“ఎలుక కొరికితే అంచు పీసుపీసుగుంటది. గిది కత్తి పని. ఇంకొకటి చూడు. ఇండ్ల రెండు తీగలున్నయి. స్విచ్చి నుంచి వచ్చే తీగనే ఏరి గీకిండు.”

“అయితే?”

హనుమండ్లు సంచీలోంచి హోల్డరుకు బిగించిన బల్బు తీశాడు. దానికి రెండు తీగలు వేలాడుతున్నాయి. ఒకటి పైపుకు చుట్టాడు. రెండోదాన్ని పెరట్లోని రాగి తీగకు కలిపాడు. భూమేశ్వర్ నిన్న తీయించిన మెయిన్ మళ్లీ వేయించాడు.

బల్బు వెలగలేదు.

“ఇప్పుడు గది స్విచ్చి నొక్కు. పైపు మాత్రం ముట్టకు.”

భూమేశ్వర్ నొక్కాడు. గదిలో దీపంతోపాటు హనుమండ్లు చేతిలోని బల్బు కూడా వెలిగింది. భూమేశ్వర్ చటుక్కున స్విచ్చి ఆపి, పైపుకు దూరంగా జరిగాడు.

“దీపం ఏస్తేనే నల్లాల కరెంటు,” అన్నాడు హనుమండ్లు. “పగటీలి ఇంటికొచ్చినోళ్లు ఎంతమంది నల్లా తిప్పినా ఏం కాదు. చీకట్ల లేచి, దీపం ఏసుకోని, తడి కాళ్లతోని నిలవడి నల్లా పట్టుకునే మనిషి ఈ ఇంట్ల ఒక్కతే. శంకరవ్వ కోసం కాదు ఇది పెట్టింది.”

వసారా గుమ్మంలో ఏదో చప్పుడైంది. సక్కుబాయి గోడ పట్టుకుని నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది. లింగమూర్తి వెనక నుంచి ఆమె భుజాలు పట్టుకున్నాడు.

*

ఆమెను మళ్లీ మంచం మీద కూర్చోబెట్టారు.

“మొన్న సాయంత్రం ఈ ఇంట్ల ఏం జరిగింది టీచరమ్మా? చిన్న ముచ్చటైనా సరే చెప్పున్రి.”

“నేను జ్వరంతోని ఈడనే పండుకున్న. చీకటి పడ్డంక శంకరవ్వ గదిల దీపం ఏసింది. ఠప్పుమని ఫ్యూజు పోయి ఇల్లంత చీకటైంది. లింగం ఫ్యూజు కట్టిండు. మళ్ల దీపం ఏసింది. మళ్ల పోయింది. ఇంకోసారి కట్టినంక నిలిచింది.”

“మీరేనా ఫ్యూజు కట్టింది?” హనుమండ్లు లింగమూర్తి వైపు తిరిగాడు.

“నేనే సారు. తీగ తెగింది, ఇంకో తీగ కట్టిన. అంతకన్న నాకు గీ కరెంటు పని తెల్వది.”

“పైపు మీద పట్టీ చూసిన్రా?”

“పట్టీ అని ఒకటుంటదనే నాకు తెల్వది సారు.” లింగమూర్తి కొంచెం ఆలోచించి, “మొన్న పగటీలి మీటర్ చూస్తనని ఒకడొచ్చిండు. ఖాకీ అంగీ. నేను ముందట కూసున్న. వాడు ఎనకకు పోయి చాలాసేపు ఉన్నడు. గప్పుడు నాకు అనుమానం రాలే,” అన్నాడు.

భూమేశ్వర్ జేబులోంచి పెన్ను తీశాడు. మనిషి ఎట్లా ఉన్నాడు, మాట ఏ వైపుది అని వరసగా అడిగాడు. లింగమూర్తి అన్నిటికీ తడుముకోకుండా జవాబిచ్చాడు. మాటల్లో మరాఠీ యాస ఉందన్నాడు. నాగోరావు మనుషులు సరిహద్దు అవతలి వాళ్లే. అంతా అతికినట్టే ఉంది.

“ఇగ అక్క ఈడ వద్దు సారు,” అన్నాడు లింగమూర్తి. “నాతోని మెట్‌పల్లికి తోలుకపోత. సోమవారం పొద్దుగాల సీదా కోర్టుకు తీసుకొస్త.”

“కానిస్టేబుల్‌ను తోడిస్త,” అన్నాడు భూమేశ్వర్.

“పోలీసు ఎంబడుంటే నలుగురి కండ్లు మామీదనే పడ్తయి కద సారు. ఎవ్వలకు తెల్వకుంట పోతేనే మంచిది.”

సక్కుబాయి హనుమండ్లు ముఖంలోకి చూసింది. “ఏమంటరు సారు?”

ఆ ఇంట్లో ఆమె ఇక ఒక్క పూట కూడా ఉండకూడదని అతనికి అనిపించింది. సొంత తమ్ముడి దగ్గర కంటే పదిలమైన చోటు ఇంకేముంటుంది? “పోన్రి,” అన్నాడు. “నేను రేపు ఆడికే వస్త.”

రిక్షా వచ్చింది. సక్కుబాయి చిన్న సంచీ ఒకటి ఒళ్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

వాళ్లు వెళ్లాక హనుమండ్లు మీటరు పెట్టె దగ్గర నిలబడ్డాడు. ఆ మీటరు మనిషి గురించే ఆలోచిస్తూ ఫ్యూజు పింగాణీ ముక్కను బయటకు లాగాడు. వెంట్రుక లాంటి సన్న తీగ ఉండాల్సిన చోట దబ్బనమంత లావు తీగ మడతపెట్టి బిగించి ఉంది. ఇల్లు తగలబడ్డా తెగని తీగ అది.

అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుతురులోకి తెచ్చి చూశాడు.

“ఏమైంది?” అన్నాడు భూమేశ్వర్.

“మీటరోడు కాదు భూమేశ్వర్.”

“మరెవడు?”

“సాయంత్రం ఫ్యూజు ఎందుకు పోయింది? దీపం ఏయంగనే పైపుకు కరెంటొచ్చింది. పట్టీ దాన్ని భూమిలకు గుంజింది. ఫ్యూజు తెగింది. అంటే గప్పటికి పట్టీ పైపు మీదనే ఉన్నది. పగటీలి వచ్చిపోయినోడు తీయలే. ఫ్యూజు రెండుసార్లు పోయినంక, మూడోసారి నిలిచింది. ఆ నడుమనే పట్టీ తీసిన్రు. గప్పుడు ఈ ఇంట్ల ఎవలున్నరు? జ్వరంల టీచరమ్మ. శంకరవ్వ. ఇంకొకడు.”

భూమేశ్వర్ వెంటనే తల అడ్డంగా ఊపాడు. “తొందరపడకు. పట్టీతోనే ఫ్యూజు పోతున్నదని తెల్వక తీసిండేమో. మనిషి చచ్చినంక భయపడి బొంకిండేమో. అందరి ఇండ్లల్ల లావు తీగలే కడ్తరు. సొంత అక్కను ఎవడు సంపుతడు?”

అదే నిజం కావాలని హనుమండ్లుకు కూడా ఉంది. తన నోటితోనే పోన్రి అని పంపాడు. “శంకరవ్వ ఇంటికి పోదాం,” అన్నాడు. “ఆమె ఇంటికి పోయి ఏమన్న చెప్పిందేమో.”

*

శంకరవ్వ ఇల్లు రెండు వీధుల అవతలే. గడపలో ఆమె కూతురు ఐలవ్వ కూర్చుని ఉంది. పెళ్లయి ఏడాది కాలేదు. తల్లి చావుకు అత్తగారింటి నుంచి వచ్చిందనుకున్నాడు హనుమండ్లు. కాదట, కానుపుకని నెల కిందటే వచ్చిందట. పోలీసు దుస్తులు చూసి లేవబోయింది. హనుమండ్లు ఆమెను వారించి, ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు.

“మొన్న మాపటీలి మీ అవ్వ ఇంటికొచ్చినంక ఏమన్న చెప్పిందా బిడ్డా? టీచరమ్మ ఇంటి ముచ్చట.”

“లైట్లు పోయినయని చెప్పింది సారు. అందుకే ఆల్‌శమైందన్నది.”

“ఇంకేమన్న?”

ఐలవ్వ లోపలికి వెళ్లి, ఉట్టి కింద గంపలోంచి ఒక వస్తువు తెచ్చి అతని చేతిలో పెట్టింది. బొటనవేలంత వెడల్పున్న ఇత్తడి పట్టీ. రెండు చెవులకూ మరలు ఇంకా వేలాడుతున్నాయి. లోపలి వైపు ఆకురాయి పొడి అంటి ఉంది.

“టీచరమ్మ తమ్ముడు ఇచ్చిండట సారు. దీనితోనే లైట్లు పరేషాన్ చేస్తున్నయని ఊడదీసిండట. ఇత్తడిది, తీస్కపో, పుట్టబోయే పిలగానికి గజ్జెలు చేపిచ్చుకో అన్నడట. అవ్వ మస్తు సంబురపడ్డది. మంచి మనిషి అన్నది.”

ఆమె ఇంకేదో చెప్పబోయి ఆగిపోయింది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం అట్లా ఎందుకు మారిందో ఆమెకు అర్థం కాలేదు.

హనుమండ్లు పట్టీని భూమేశ్వర్‌కు అందించాడు. “పట్టీ అని ఒకటుంటదనే తెల్వదన్నడు. తెల్వక తీసినోడైతే, తీగ కొసను గుంతల పాతి, కాలుతోని తొక్కి పోతడా?”

భూమేశ్వర్ పట్టీని రెండు చేతులా పట్టుకుని చూశాడు. ఇక వాదించలేదు. “నాగోరావు పైసలకు ఆశపడ్డట్టున్నడు. బస్సు పోయుంటదా?” అన్నాడు.

*

మెట్‌పల్లి బస్సు ఇంకా పోలేదు. బస్టాండులో ఇంజను ఆపుకుని నిలబడి ఉంది. భూమేశ్వర్ ముందు తలుపు నుంచి, హనుమండ్లు వెనక తలుపు నుంచి ఎక్కి ప్రతి సీటూ చూశారు. శాలువా కప్పుకున్న ఆడమనిషి ఎక్కడా లేదు.

దిగి వచ్చేసరికి ఎదుటి చాయ్ హోటలు వాహెద్ గల్లా దగ్గర నుంచి లేచి వాళ్లనే చూస్తున్నాడు. సక్కుబాయి అతనికి తెలుసు. అతని పిల్లలు ఆమె దగ్గరే చదువుతున్నారు.

“టీచరమ్మ కోసమా సాబ్? ఆమె బస్సెక్కలే. రిక్షా దిగిన్రు, ఆడ ఒక జీపు నిలవడి ఉండె. కట్టెలు మోసే కంపెనీ జీపు, ఆదిలాబాద్‌ది. తమ్ముడు ఆమెను దాంట్ల ఎక్కిచ్చిండు.”

“ఏ దిక్కు పోయిన్రు?”

“గోదావరి దిక్కు.” వాహెద్ దగ్గరికి వచ్చాడు. “నాకు ఏదో తేడ కొట్టింది సాబ్. ఎవలితోనన్న చెప్పాలనే అనుకుంటున్న. జీపుల ఎనక సీట్ల ఒకడు ముందుగాలనే కూసోని ఉండె. తలకు రుమాలు. టీచరమ్మ ఒక కాలు లోపట పెట్టి, వాని మొకం చూసి, ‘బక్కన్నా’ అన్నది. అని మళ్ల దిగవోయింది.”

భూమేశ్వర్ అప్పటికే జీపు వైపు పరుగెత్తుతున్నాడు.

“దిగిందా?” అన్నాడు హనుమండ్లు.

“లేదు సాబ్. తమ్ముడే ఎనక నుంచి లోపటికి నూకి తలుపేసిండు.”